పాత టేకు బల్లకు రాగి తొడుగు, బాయిలర్‌తో దీపం: ప్రాజెక్టు డైరీ

జనవరి చివరి వారం: తలపెట్టిన పని

గుంటూరు బ్రాడీపేటలోని మా పాత ఇంటి సామాను పంచుకున్నప్పుడు నా వాటాకు ఒక టేకు రాతబల్ల, స్నానాలకు నీళ్లు కాచే రాగి బాయిలర్ వచ్చాయి. బల్ల కాళ్లు, సొరుగులు, అడ్డపట్టీలు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. పైపలక మాత్రం ఒక మూల చెద తిని, మిగిలిన చోట గ్లాసుల అడుగు మరకలతో నల్లబడి, చిత్రిక పట్టినా బాగుపడని స్థితికి చేరింది. బాయిలర్‌కు అడుగున సొట్టలు, కుళాయి మొదట్లో పచ్చని చిలుము ఉన్నాయి గాని రేకుకు ఎక్కడా చిల్లు పడలేదు. పలక తీసేసి కొత్తది వేసి దానికి రాగి రేకు తొడగడం, బాయిలర్‌ను గది మూల నిలబెట్టే దీపంగా మార్చడం ఈ ప్రాజెక్టులోని రెండు పనులు.

రేకు కొనడానికి ముందే పూర్వపు పనివాళ్లు ఇంటి సామానులో రాగిని ఎక్కడ, ఎందుకు వాడారో చూసుకున్నాను, ఎందుకంటే ఈ లోహంతో ఏం చేయకూడదో వాళ్లు ఎప్పుడో తేల్చి పెట్టారు. రాగి ఘనపు సెంటీమీటరుకు దాదాపు తొమ్మిది గ్రాములు తూగుతుంది, అంటే ఇనుము కంటే బరువు. పైగా మెత్తన, ఖరీదు. మంచం కోళ్లూ బల్ల కాళ్లూ అచ్చమైన రాగితో చేస్తే ఇంటిల్లిపాదీ కలిసి ఎత్తాలి, ఎత్తినప్పుడల్లా ఎక్కడో ఒకచోట వంగుతుంది. అందుకే రాగితోనే సామాను చేసినవాళ్లు తక్కువ, చెక్క సామానుకు రాగిని, కంచును, ఇత్తడిని తొడిగినవాళ్లు ఎక్కువ. ఈజిప్టులో టుటన్‌ఖామున్ సమాధి 1922లో బయటపడినప్పుడు అందులో ప్రయాణాలకు మడిచి తీసుకుపోయే మంచం ఒకటి దొరికింది. సుమారు 3,300 ఏళ్ల కిందటి ఆ మంచం చట్రమంతా చెక్క. అది మడత పడే కీళ్ల దగ్గరి బందులు మాత్రం రాగి మిశ్రమం. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన పాంపేలో రోమన్ల శయ్యలు దొరికినప్పుడు, చెక్క మాడిపోయి, తల ఆనించే వంపుకు తొడిగిన కంచు బిళ్లలు నిలిచి ఉన్నాయి. మన భోషాణాలను చూసినా లెక్క అదే: పెట్టె చెక్కది, మూలల పట్టీలు, పూల మేకులు, గడియ, పట్టుకునే కడియాలు ఇత్తడివి. చెయ్యి తగిలేచోట, చెమ్మ తగిలేచోట, ఒరిపిడి ఉన్నచోట లోహం వచ్చింది, బరువు మోసేచోట చెక్క ఉంది. నా బల్లలోనూ బరువు టేకు కాళ్లే మోస్తాయి, చేతులు ఆనే పైభాగానికే రాగి వస్తుంది.

ఫిబ్రవరి మొదటి వారం: రేకు మందం, పలక

పట్నంబజారులో రాగి రేకు తూకానికి, ఆ రోజు రేటుకు అమ్ముతారు కాబట్టి మందం తేల్చుకోకుండా వెళ్తే జేబుకు చిల్లే. 26 గేజి రేకు చవకగా వస్తుంది గాని అర మిల్లీమీటరు కూడా లేని ఆ రేకు కింద ఇసుక రేణువు ఉన్నా పైకి పొక్కులా కనబడుతుంది. 22 గేజి రేకును నాలుగు అంచులా చేత్తో మడవడం కష్టం. మధ్యస్థంగా 24 గేజి, అంటే 0.56 మిల్లీమీటర్ల రేకు తీసుకున్నాను. బల్ల పైభాగం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. అంచులు కిందికి మడిచే కొలత కలుపుకుంటే 130 సెంటీమీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు రేకు కావాలి. దాని బరువు లెక్క ప్రకారం 4.6 కిలోలకు కొంచెం తక్కువ. కాటా మీద కూడా అంతే తూగింది. కొట్టులో మెత్తని రేకు, సగం గట్టి రేకు అని రెండు రకాలుంటాయి. ముందుముందు సుత్తి పని ఉంది కాబట్టి మెత్తనిదే అడిగి తీసుకున్నాను.

కింది పలకకు టేకు చెక్కే వాడదామని వడ్రంగి మేస్త్రి పట్టుబట్టారు. ఆయన అభిమానం నాకు అర్థమైంది గాని నేను 18 మిల్లీమీటర్ల నీటికి ఉబ్బని ప్లైవుడ్డునే వేయించాను. వెడల్పాటి చెక్క పలక వానాకాలంలో నారకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. దానికి అతికించిన లోహానికి తేమతో పని లేదు, వేడితోనే పని. ఈ ఇద్దరినీ కలిపి కట్టేస్తే ఏమవుతుందో ఫ్రాన్సు రాజు 14వ లూయీ కొలువులోని వడ్రంగి ఆంద్రే షార్ల్ బుల్ సామాను చూస్తే తెలుస్తుంది. 1642 నుంచి 1732 వరకు బతికిన ఆయన తాబేటి చిప్ప పలుచని పొరను, ఇత్తడి రేకును ఒకదానిపై ఒకటి పెట్టి ఒకేసారి సన్నని రంపంతో లతలుగా కోసి, ఒకదానిలో ఒకటి పొదిగి బీరువాల మీద, బల్లల మీద అతికించేవాడు. ఒక్క కోతతో రెండు జతలు వచ్చేవి: ఒకదానిలో చిప్ప నేల, ఇత్తడి లత, ఇంకోదానిలో ఇత్తడి నేల, చిప్ప లత. అంత సున్నితమైన పనిలోనూ కాలం గడిచేకొద్దీ ఇత్తడి తీగలు లేచి, కొసలు గాలిలోకి వంగడం ఆ సామానుకు మామూలు జబ్బు. కారణం కింది చెక్కకూ పై లోహానికీ కదలికలో పొత్తు కుదరకపోవడమే.

రాగి కదలికను కూడా లెక్క కట్టాను. ఒక డిగ్రీ వేడి పెరిగితే మీటరు పొడవు రాగి 0.017 మిల్లీమీటర్లు సాగుతుంది. గుంటూరులో జనవరి తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ పాతిక డిగ్రీల పైనే తేడా ఉంటుంది కాబట్టి నాలుగడుగుల రేకులో అర మిల్లీమీటరు సాగుడు వస్తుంది. కంటికి ఆనని ఆ అర మిల్లీమీటరుకు వెళ్లే దారి లేకపోతే అది రేకు నడుమ బుడగలా లేస్తుంది.

ఫిబ్రవరి మూడో వారం: అంచు ఎలా ఉండాలి

బల్ల అంచు విషయంలో నాకు ఆధారం దొరికింది తామ్రశాసనాల దగ్గర. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల దానశాసనాలు రాగి రేకుల మీద చెక్కినవి. ఆ రేకులన్నిటికీ ఒక పక్క చిల్లు పొడిచి, కడియం దూర్చి, దాని కొసలను వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే అక్షరాలు ఉన్న ముద్రలో బిగించేవారు. మొదటి రేకు ముందువైపు, చివరి రేకు వెనకవైపు ఏమీ చెక్కకుండా వదిలేయడం అప్పటి వాడుక, ఎందుకంటే పెట్టెలో ఒరుసుకునేవి ఆ రెండు ముఖాలే. లోపలి రేకుల అంచులను కొద్దిగా పైకి లేపేవారు. ఒక రేకు మీద ఇంకోటి పెట్టినప్పుడు అంచులే ఒకదానికొకటి తగులుతాయి, నడుమ అక్షరాలు తగలవు. తిరుమల సంకీర్తన భాండారంలో తాళ్లపాక వారి కీర్తనలు శతాబ్దాల పాటు భద్రంగా ఉన్నది కూడా రాగి రేకుల మీదే. దాచుకోవలసిన దాన్ని రాగికి అప్పగించిన మనవాళ్లకు ఆ లోహం ఎక్కడ అరుగుతుందో బాగా తెలుసు.

ఆ లేచిన అంచును నా బల్లకు తీసుకున్నాను, అయితే నాలుగు వైపులా కాదు. కూర్చుని రాసే వైపు అంచు లేస్తే మోచేతి కింద ఒత్తుకుంటుంది. అందువల్ల వెనక, రెండు పక్కల మాత్రం ప్లైవుడ్డు మీద మూడు మిల్లీమీటర్ల ఎత్తు సన్నని టేకు బీడింగు అతికించి, రేకు దాని మీదుగా వెళ్లి కిందికి మడత పడేలా గీతలు గీసుకున్నాను. పెన్ను దొర్లినా ఆగుతుంది, నీళ్లు ఒలికినా గోడ వైపు పోకుండా నిలుస్తాయి.

మార్చి: సుత్తి దెబ్బలు

నున్నని రాగి రేకు కొత్తలో అద్దంలా బాగుంటుంది గాని నాలుగడుగుల మేర పరిస్తే లైటు పడినప్పుడు అలలు కనబడతాయి, తాళంచెవి గీత ఒక్కటి పడినా అదే కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. రేకంతటా సుత్తి దెబ్బలు వేయించడానికి కారణం అదే. పాత గుంటూరులో లాలాపేట దగ్గర బిందెలు, గంగాళాలు బాగుచేసే కంచరి మేస్త్రి ఒకాయన ఈ పనికి ఒప్పుకున్నారు. అజ్జరంలోనో బుడితిలోనో ఉన్నట్టు ఇక్కడ ఊరంతా ఇదే వృత్తిలో లేదు. ఉన్న ఒకరిద్దరు పనివాళ్ల దగ్గరకు కొత్త బిందె కోసం వచ్చేవాళ్ల కంటే పాత బిందెకు మాటు వేయించుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. పంజాబులోని జండియాలా గురు అనే ఊరి ఠఠేరాల, అంటే అక్కడి కంచరుల, పాత్రల తయారీని 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. అక్కడా ఇక్కడా మొద్దు, దాగలి, సుత్తి ఒకటే.

మేస్త్రి మొదట చేసిన పని సుత్తి మొహాన్ని చూసుకోవడం. గోరంత గంటు కనిపిస్తే సన్నని గరుకు కాగితం మీద, ఆ తరువాత తోలు ముక్క మీద నూనె వేసి రుద్ది, కిటికీ వెలుగుకు తిప్పి చూసి, మళ్లీ రుద్దారు. నేను తొందరపడుతుంటే ఆయన, “సుత్తి మొహానికి మచ్చ ఉంటే ప్రతి దెబ్బలోనూ అదే మచ్చ పడుతుంది సార్, వెయ్యి చోట్ల కనబడుతుంది” అన్నారు. నేలలో పాతిన తుమ్మ మొద్దుకు దిగ్గొట్టిన ఉక్కు దాగలి మీద రేకు నడిమి భాగాన్ని ఆనించి, నన్ను అవతలి అంచు సమంగా పట్టుకోమని, నడుమ నుంచి చుట్లు చుట్లుగా బయటికి కొట్టుకుంటూ వచ్చారు. ఒక్కో దెబ్బకు చిటికెన వేలి గోరంత పల్లం పడుతుంది, పక్క దెబ్బ దాని అంచును సగం తొక్కుతుంది. చేతిలో రేకు పట్టుకుని ఉన్నవాడికి చప్పుడులో తేడా తెలుస్తుంది: రేకు దాగలికి సరిగ్గా ఆనినప్పుడు దెబ్బ మొద్దుగా మోగుతుంది, కింద గాలి ఉంటే పళ్లెం పడినట్టు గణగణమంటుంది.

కొంతసేపటికి రేకు గిన్నెలా లోపలికి వంగడం, సుత్తి ఎగిరి రావడం మొదలైంది. “మొండికేసింది సార్, ఇక కాల్చందే మాట వినదు” అన్నారు మేస్త్రి. దెబ్బలు పడే కొద్దీ రాగి లోపలి స్ఫటికాల పొరలు ఒకదానిమీద ఒకటి జారి, చిక్కుపడి, ఇక జారలేని స్థితికి వస్తాయి. మెత్తని రాగి ఇలా సుమారు రెట్టింపు గట్టిదనానికి చేరగలదు. ఎరుపు తొంగిచూసే దాకా వేడి చేస్తే ఆ చిక్కులు విడిపోయి, కొత్త స్ఫటికాలు ఏర్పడి లోహం మళ్లీ మెత్తబడుతుంది. ఎండలో ఆ లేత ఎరుపు కంటికి ఆనదు కాబట్టి పని పొద్దువాలాక, కొట్టు వెనక రేకుల నీడలో చేశారు. కాలిన రేకు మీద వెంటనే నీళ్లు కుమ్మరించినా ఫరవాలేదు, ఉక్కులా గట్టిపడే గుణం రాగికి లేదు. పైన పట్టిన నల్లని పొర కొంత నీళ్ల దెబ్బకే పెచ్చులుగా ఊడింది, మిగిలింది చింతపండు గుజ్జులో నానబెట్టి తోమితే పోయింది. తరువాత కడప బండ మీద రేకును బోర్లించి కొయ్య సుత్తితో సాపు చేసి, మళ్లీ ఇనుప సుత్తి అందుకున్నారు.

చివరి వరస దెబ్బల తరువాత రేకును కాల్చవద్దని మేస్త్రిని కోరాను. ఆ దెబ్బలతో వచ్చిన గట్టిదనమే రేపు బల్ల మీద గీతలను అడ్డుకుంటుంది. అదే కారణంతో అంచుల దగ్గర రెండు వేళ్ల వెడల్పున దెబ్బలు వేయకుండా మెత్తగా వదిలేశాం, మడత పడవలసింది అక్కడే కదా.

సుత్తి గుర్తులను అందంగా చూడడం అనుకున్నంత పాతది కాదు. బిందెకు వరసగా దెబ్బలు పడేది రేకుకు బిగువు రావడానికే. బ్రిటన్‌లో యంత్రాల సామాను ఇళ్లను నింపేసిన రోజుల్లో చేతిపనిని తిరిగి తేవాలనుకున్నవాళ్లు ఆ గుర్తులను కావాలనే కనబడనిచ్చారు. కెస్విక్‌లో 1884లో మొదలైన కళాపాఠశాల సాయంత్రపు తరగతుల్లో స్థానికులకు రాగి పళ్లాల మీద ఉబ్బెత్తు పని నేర్పింది. కార్న్‌వాల్‌లోని న్యూలిన్‌లో 1890 నుంచి, సముద్రం మీదికి పోలేని రోజుల్లో ఖాళీగా ఉండే జాలరులకు ఇదే పని నేర్పారు. అక్కడి రాగి పళ్లాల మీద చేపలు ఈదుతుండడానికి కారణం ఆ చేతులే. అమెరికాలో గుస్తావ్ స్టిక్లీ తన ఓకు చెక్క సామానుకు బజారులో దొరికే పిడులు, బందులు నచ్చక, సొంత లోహశాల పెట్టి సుత్తితో కొట్టిన రాగి పిడులు చేయించాడు. ముతక ఓకు చెక్క మీద ముదురు రాగి పిడి తప్ప ఇంకే అలంకారమూ లేని ఆ బీరువాలు, నా దృష్టిలో, బుల్ ఇత్తడి లతల కంటే నూరు రెట్లు నయం. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ‘హ్యామర్డ్’ పేరుతో వచ్చే రేకులను అచ్చుయంత్రంలో నొక్కుతారు. జానెడు దూరం చూస్తే అదే గుంట అదే చోట మళ్లీ కనబడుతుంది.

మార్చి చివరి వారం: అతకడం

ఇది ఒక్క పూట పని. పలకకూ రేకుకూ రబ్బరు ఆధారిత గమ్ము పలుచగా పూసి, వేలికి అంటని దాకా ఆరనిచ్చి, నడుమ కాగితాలు పరిచి రేకును సరిచూసుకుని, ఒక్కో కాగితం లాగుతూ గుడ్డ చుట్టిన రోలరుతో నొక్కాం. ఈ గమ్ము ఆరాక కూడా కాస్త సాగే గుణం ఉన్నది కాబట్టి ఆ అర మిల్లీమీటరు కదలికను తనలో కలుపుకుంటుంది. బీడింగు మీదుగా అంచును కొయ్య సుత్తితో మెల్లగా దించుతుంటే మెత్తని రాగి దాని ఒంపును అలాగే పట్టుకుంది. మూలల్లో రేకు కోయకుండా ఉత్తరం కవరులా లోపలికి మడిచాం.

అడుగున బిగించడానికి వడ్రంగి మేస్త్రి అలవాటు కొద్దీ ఇనుప పిన్నులు తీశారు. వాటిని పక్కన పెట్టించి ఇత్తడి స్క్రూలు ఇచ్చాను. చెమ్మ తగిలినప్పుడు రాగి, ఇనుము ఆనుకుని ఉంటే వాటి మధ్య విద్యుత్తు పుట్టి ఇనుము వేగంగా తుప్పు పడుతుంది. దీని ఖరీదు ఎంతో న్యూయార్కులోని స్వేచ్ఛా విగ్రహం చూపించింది. 1886లో నిలబెట్టిన ఆ విగ్రహం పైతొడుగు 2.4 మిల్లీమీటర్ల రాగి రేకు, లోపలి పట్టీలు ఇనుము. రెండూ తగలకుండా లక్కలో తడిపిన ఆస్బెస్టాసు పెట్టారు. అది చివికిపోయాక పట్టీలు తుప్పుతో ఉబ్బి రాగిని తోశాయి. 1984లో మొదలై 1986లో ముగిసిన మరమ్మతుల్లో ఆ పట్టీలను తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేశారు. నా స్క్రూల చిల్లులను కూడా పొడవు దిక్కున కొద్దిగా కోలగా తొలిపించాను, రేకు సాగినా స్క్రూ అడ్డు పడదు.

ఏప్రిల్: రంగు, మెరుగు

బల్ల చూడడానికి వచ్చిన పెద్దమ్మ మొదట అడిగిన మాట, “దీన్ని రోజూ చింతపండు పెట్టి తోమేది ఎవర్రా?” అని. ప్రశ్న న్యాయమైనదే. రాగి వస్తువు అంటే తళతళలాడాలనే పట్టింపు మన ఇళ్లలో పూజ సామాను నుంచి వచ్చింది. బల్ల విషయంలో ఆ పట్టింపు వదులుకోవాలని నేను ముందే అనుకున్నాను, కాని ఎంతవరకు వదులుకోవాలో తేలడానికి మిగిలిన రేకు ముక్క మీద మా వంటింటి సరుకులతో పరీక్ష పెట్టాను. ముక్కను కొన్ని రోజులు గాలికి వదిలి గోధుమరంగు తేలాక, దాని మీద గోంగూర పచ్చడి, మజ్జిగ, టీ డికాషను, కొబ్బరినూనె, ఉప్పునీళ్లు చుక్కలుగా పెట్టి రాత్రంతా ఉంచాను. పొద్దున తుడిచి చూస్తే కొబ్బరినూనె పడిన చోట రంగు ఇంకాస్త నిండుగా మారింది, అంతే. టీ మరక గుర్తుపట్టి చూస్తే తప్ప తెలియదు. మజ్జిగ చుక్క అడుగున లేత గులాబి మచ్చ పడింది. గోంగూర కింద రాగి అప్పుడే తోమినట్టు నారింజ రంగులో బయటపడి, చుట్టూ నూనె, ఉప్పు కలిసి నిలిచిన అంచున పచ్చని గీత దిగింది. ఉప్పునీళ్ల చుక్క ఆరిన చోట కూడా అదే పచ్చదనం.

గాలిలో రాగికి మొదట పట్టే గోధుమరంగు పొర రాగి ఆక్సైడు. పులుపు దాన్ని కరిగించి కింది లోహాన్ని బయటపెడుతుంది. చింతపండు తోముడులో జరిగేదీ అదే. అందువల్లనే రాగి పాత్రల్లో పులుసు కాచరు, వండుకునే పాత్రకు లోపల నవాసాగరం చల్లి తగరంతో కళాయి పోస్తారు. నా బల్ల మీద భోజనం పెట్టే ఉద్దేశం లేదు, మా ఇంట్లో ఆ నియమం ఎంతవరకు నిలుస్తుందో చూడాలి.

పాతబడ్డ గోపురాల మీద, విగ్రహాల మీద కనిపించే నిండు ఆకుపచ్చ పొర ఇంట్లో దానంతట అది రాదు. దానికి వాన, గాలిలోని గంధకపు వాయువులు, సముద్రతీరమైతే ఉప్పు, వీటితో పాటు ఏళ్లు కావాలి. స్వేచ్ఛా విగ్రహానికే నిండుగా పచ్చబడడానికి దశాబ్దాలు పట్టింది. అమోనియా ఆవిరితో, ఉప్పుతో రాత్రికి రాత్రి ఆ రంగు తెప్పించే పద్ధతులున్నాయి గాని, ఆ పొడి మోచేతికి అంటుకుంటుంది, కడుపులోకి పోతే మంచిది కాదు. గోడకు తగిలించే పలకకైతే సరే, రాతబల్లకు వద్దు.

మెరుపును అలాగే బంధించాలంటే ఇంక్రాలాక్ వంటి వార్నీషులున్నాయి. 1960ల్లో రాగి పరిశ్రమ పరిశోధకులే తయారుచేసిన ఈ అక్రిలిక్ పూతలో రాగి రంగు మారకుండా ఆపే బెంజోట్రయజోల్ కలుస్తుంది. పనితనంలో దానికి వంక పెట్టలేం. అయితే పూత ఒకచోట గీసుకుంటే ఆ గీతలోనే నల్లదనం దిగి, దాన్ని సరిచేయాలంటే పూతంతా తీయాలి. పైగా వార్నీషు వేసిన బల్ల మీద చెయ్యి ప్లాస్టిక్కు మీద ఆనుతుంది, రాగి మీద కాదు. నేను తేనెమైనం ఎంచుకున్నాను. రేకును వేసవి గాలికి ఉంచి గోధుమరంగు సమంగా పట్టాక, గోరువెచ్చగా వేడి చేసి, కర్పూరతైలంలో (టర్పెంటైన్) కరిగించిన మైనం మెత్తని గుడ్డతో రుద్దాను. మచ్చ పడితే ఆ మేరకే తుడిచి మళ్లీ రుద్దుకోవచ్చు.

మే: బాయిలర్ దీపం

గుంటూరు నీళ్ల సున్నం బాయిలర్ లోపల బెత్తెడు మేర గట్టిపడి ఉంది. వేడినీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి పోస్తే బుసబుసమని పొంగి, రెండు పూటలకు రాగి కనబడింది. ఈ బాయిలర్ల నిర్మాణమే దీపానికి అనువైనది: నడుమ పొగగొట్టం అడుగు నుంచి నిటారుగా పైకి వెళ్తుంది. బొగ్గు మంట పోయిన ఆ దారిలోనే కరెంటు తీగ తీసుకున్నాను, ఎక్కడా కొత్త చిల్లు పొడవలేదు. మొత్తం లోహపు ఒళ్లు కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి ఎర్త్ తీగను రాగికి గట్టిగా బిగించాను. ఈ ఒక్క విషయంలో అందం, ఖర్చు ఏదీ చూడకూడదు.

పై గొడుగుకు ఆధారం డిర్క్ వాన్ ఎర్ప్ దీపాలు. నెదర్లాండ్స్ నుంచి కాలిఫోర్నియా చేరిన ఈయన ఓడల రేవులో పనిచేస్తూ ఫిరంగి గుళ్ల ఇత్తడి తొడుగులతో కూజాలు చేసేవాడు. 1908లో ఓక్లాండ్‌లో రాగి దుకాణం తెరిచి, సుత్తితో కొట్టిన రాగి దిమ్మెల మీద అభ్రకం గొడుగులున్న దీపాలు చేశాడు. అభ్రకం అంటే మనకు గూడూరు ఉండనే ఉంది. అక్కడి నుంచి తెప్పించిన బిళ్లలను పలుచని కత్తితో పొరలు విడదీసి, లక్క ద్రావణంతో ఒకదానికొకటి అతికించి, నాలుగు రాగి పట్టీల చట్రంలో బిగించాను. బల్బు వెలిగితే లక్క రంగు పొరల్లోంచి తేనె రంగు వెలుతురు వస్తుంది, పొరల మధ్య చిక్కిన గాలి చారలు మబ్బుల్లా కనబడతాయి.

బల్బు ఎంపిక అసలు సంగతి. రాగి నీలం, ఆకుపచ్చ కాంతుల్లో కొంత భాగాన్ని తనలో పీల్చుకుని, ఎరుపు, నారింజలను దాదాపు పూర్తిగా తిప్పికొడుతుంది. మన ఇళ్లలో వాడే 6500 కెల్విన్ల తెల్లని ట్యూబు లైటులో ఎరుపు పాలు తక్కువ కాబట్టి దాని కింద రాగి మట్టిరంగులో కనబడుతుంది. అదే దీపంలో 2700 కెల్విన్ల ఎల్‌ఈడీ పెట్టగానే గోధుమరంగు పొర కింద ఎరుపు తేలింది. డెన్మార్కు వాస్తుశిల్పి పౌల్ హెన్నింగ్‌సెన్ 1958లో కోపెన్‌హాగెన్‌లోని ఒక రెస్టారెంటు కోసం చేసిన దీపంలో 72 రాగి రేకులు పన్నెండు వరసల్లో ఉంటాయి; ఏ వైపు నుంచి చూసినా బల్బు కంటపడదు, ఒక రేకు తిప్పికొట్టిన వెలుగే ఇంకో రేకు మీద పడి దిగుతుంది. అందులో రాగి వెలుతురుకు రంగు కలిపే పనిముట్టు. నా గొడుగు లోపల కూడా పైకప్పుకు చిన్న రాగి బిళ్ల పెట్టి, దాన్ని మాత్రం తోమి మెరిసేలా ఉంచాను.

జూన్ రెండో వారం: ఇప్పటి పరిస్థితి

రోహిణి కార్తె ఎండల్లో రేకు ఎక్కడా బుడగ కట్టలేదు. ముందువైపు మోచేతులు ఆనే రెండు చోట్ల రంగు మిగతా బల్ల కంటే ముదిరి నున్నబడింది, వెనక అంచు వెంబడి ఇంకా లేత గోధుమరంగే ఉంది. ఒక మూల గ్లాసు అడుగు మరక పడితే మైనం గుడ్డతో రుద్దాను, ముప్పాతిక వంతు పోయింది. బాయిలర్ కుళాయి మొదట్లోని చిలుము తీయలేదు, అక్కడ ఎవరి చెయ్యీ పడదు.

మిగిలిన రేకులో జానెడు వెడల్పు పట్టీ ఒకటి ఉంది. వంటింటి తలుపును రోజంతా తడి చేతులతో తోసే చోట దాన్ని ఇత్తడి మేకులతో బిగించబోతున్నాను. రాగి, రాగి మిశ్రమాల ఉపరితలాలు బాక్టీరియాను చంపుతాయని చెప్పుకుని అమ్మడానికి అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2008లో అనుమతి ఇచ్చింది. ఆ గుణం పనిచేయాలంటే రాగి నేరుగా చేతికి తగలాలి కాబట్టి ఆ పట్టీకి మైనం కూడా రాయను. దాన్ని తోమే పని మాత్రం పెద్దమ్మ లెక్కలోకి వస్తుంది.